మూత మీద మూటలు

‘ఆల్బా మరీనా’ గొప్పలు ఎవరైనా మొదలెడితే నేను లేచి అవతలికి పోతాను. పైన ఈతకొలనులుండేవట, భోజనాల హాలు నిండా చలవరాళ్ళట, జెనోవా రేవులో ఎక్కినవాళ్ళని న్యూయార్క్‌లో పువ్వుల్లో పెట్టి దింపేదట. ఉండేవి, ఎవరు కాదన్నారు? ఆ ఓడ నీళ్ళలోకి దిగిన నాటి నుంచి దాన్ని తుక్కు కింద కోసేదాకా నేను అందులోనే పనిచేశాను. ఆ కొలనుని నేను చూసింది ఒక్కసారి, అదీ నీళ్ళు తీసేశాక. నేను చూసిందల్లా ఓడగారి మురికి బట్టలు. దుప్పట్లు, తువ్వాళ్ళు, బల్లగుడ్డలు, కెప్టెన్‌గారి తెల్ల చొక్కాలు. సినిమా తారలు ఎక్కేవారని మా చుట్టాలు నోళ్ళు వెళ్ళబెట్టేవారు. ఎక్కితే ఎక్కారు. తువ్వాలుకి పూసిన పెదవుల రంగు ఉతికితే అందరిదీ ఒకటే.

మా ఉతుకుడు గది ఓడ అడుగున, బాయిలర్ల పక్కన ఉండేది. గోడకి అవతల సముద్రం, ఇవతల మేము. ఎండాకాలమైనా చలికాలమైనా అక్కడ ఉడుకే. ఆ రాజ్యానికి పెద్ద మా మామ బచీచా. మనిషి పొట్టి, గొంతు పెద్దది. కాలరు మీద చిన్న ముడత కనబడితే చొక్కా తెచ్చి నా మొహాన కొట్టి, నీ పెళ్ళికి వేసుకోరా అనేవాడు. నా పెళ్ళి అయిపోయింది, అదీ ఆయన కూతురితోనే, అయినా అదే మాట. కూతురు కొలొంబా సరిగ్గా మా నెత్తి మీది అంతస్తులో ప్రయాణికుల గదులు సర్దే పనిలో ఉండేది. ముగ్గురం ఒకే ఊరివాళ్ళం. ఆ ఓడలో సగంమంది మా ఊరివాళ్ళే. మా ఊళ్ళో మగవాడై పుడితే ఓడెక్కాలి, ఆడదై పుడితే పొగమంచు పట్టినప్పుడల్లా మరియమ్మకి మొక్కుకోవాలి. కొలొంబా రెండూ చేసేది.

నాకు పొగమంచంటే మొదటి నుంచీ భయం. తుఫానుకి భయపడను. తుఫాను కనబడుతుంది, అరుస్తుంది, తిట్టుకోవచ్చు. పొగమంచు పట్టిందంటే మాత్రం పైవాళ్ళు మీట నొక్కేవారు. గంట మోగేది. ఓడ అడుగున ఉన్న ఇనప తలుపులన్నీ వాటంతట అవే జరుగుతూ వచ్చి మూసుకునేవి. ఎక్కడైనా చిల్లు పడితే ఆ ఒక్క గదే మునగాలి, మిగతా ఓడ తేలాలి, అదీ ఏర్పాటు. మంచి ఏర్పాటే, మునిగే గదిలో మనం లేకపోతే.

తలుపు పడ్డాక మాకు మిగిలేది ఒక్కటే దారి. గది మూలన నిలువు నిచ్చెన, దాని పైన ఇనప మూత. మూత తోసుకుని పైకెక్కితే కొలొంబా వాళ్ళ నడవ చివర తేలతాం. ఆ మూత మీద ‘ఇక్కడ ఏదీ పెట్టరాదు’ అని ఎర్ర అక్షరాలతో రాసి ఉండేది. పెట్టొద్దని రాసిన చోటే పెట్టడం మా వాళ్ళకి అలవాటు. బట్టలు కిందికి దించే బుల్లి లిఫ్టు ఆ పక్కనే ఉండేది, అదెప్పుడూ నిండే ఉండేది. అందుకని గదులు సర్దే ఆడవాళ్ళు మాసిన గుడ్డల మూటలు తెచ్చి మూత మీద గుట్ట పోసేవారు.

దాంతో ఒక ఆట పుట్టింది. పొగమంచు పట్టి మేం కింద చిక్కుకుపోతే, మూటలు తియ్యండే తల్లీ అని మూతని కింద నుంచి బాదేవాళ్ళం. వాళ్ళు పైనుంచి మడమతో రెండుసార్లు తన్ని నవ్వుకుంటూ పోయేవారు. ‘విన్నాంలే, ఇంకాసేపు ఉడకండి’ అని దానర్థం. కొందరు గడుసు పిండాలైతే ఇంకో మూట కూడా పడేసి పోయేవారు. మేం కింద నుంచి వాళ్ళ వంశాలన్నీ తిట్టేవాళ్ళం. చివరికి ఎవరికో జాలి పుట్టి మూటలు లాగేసేవారు. మామకైతే ఆ తన్ను వినగానే ఎవరిదో తెలిసిపోయేది. ఇది నా కూతురి మడమరా, ఎంత పొగరో చూడు అని మురిసిపోయేవాడు. ఓడ మొదటి ఏడాది నుంచీ జరుగుతున్నదే, అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా ఓడలో ఎవరూ ఏ తలుపునీ మూడుసార్లు తట్టరు. మా ఊళ్ళో మగవాడు పోతే చర్చి గంట మూడు కొట్టి ఆపుతారు, మళ్ళీ మూడు కొట్టి ఆపుతారు, శవం కొండ మీది శ్మశానానికి చేరేదాకా అలా కొడుతూనే ఉంటారు. నీళ్ళ మీద ఉండగా ఆ చప్పుడు చేస్తే చావుని పేరు పెట్టి పిలిచినట్టే. ఒకసారి కొత్తగా వచ్చిన వంటవాడు ఏమీ తోచక గిన్నె మీద అలా వాయించాడు. మామ వాడి చేతిలో గరిటె లాక్కుని, అన్ని మెట్లూ ఎక్కి వెళ్ళి, సముద్రంలో పారేసి వచ్చాడు.

అది ఎండాకాలం. మర్నాడు న్యూయార్క్ చేరతామనగా, మధ్యాహ్నం పూట పొగమంచు కమ్ముకుంది. చివరి రోజున మాసిన గుడ్డలు కొండల్లా వచ్చి పడతాయి. మాతో పనిచేసేవాళ్ళు భోజనానికి పోయారు. ఆ రోజు ఎండు చేప కూర, దానికోసం పరుగే. విందుకి వేసే బల్లగుడ్డలు ఇంకా అవలేదని మామ ఆగాడు, మామ ఆగాడని నేను ఆగాను. గంట మోగింది. తలుపు మెల్లగా జరిగి గోడకి ఆనుకుంది. పైన ఓడ ఊళ వెయ్యడం మొదలెట్టింది.

మామ నా వంక చూసి, "ఏరా మోమో, నీ మొహమేంటి గంజిలో ముంచి తీసినట్టుంది" అన్నాడు.

ఆ మాటకి నవ్వు రాబోయేలోపు గోడ లోపలికి వచ్చింది. పెద్ద చప్పుడేం కాలేదు. పాత దుప్పటి చింపినట్టు ఇనుము చిరిగింది, దాని వెనకే నీళ్ళు. చిన్న సరుకు ఓడ ఒకటి దారి కానక మా వెనక పక్కని ముక్కుతో చీల్చుకుంటూ పోయిందని తర్వాత చెప్పారు. పైన భోజనాల హాల్లో చెంచాలు కాస్త కదిలాయట, అంతే. రేవు గోడకి తగిలాం కాబోలని ఒకాయన అంటే, నడి సముద్రంలో రేవేమిటని ఆయన భార్య ఎగతాళి చేసిందట. వాళ్ళు అక్కడ నవ్వుకుంటున్న ఆ క్షణానే ఇక్కడ నీళ్ళు మా నడుం దాకా వచ్చాయి.

మంచులాంటి నీళ్ళు తగిలి ఆవిరి గొట్టాలు పగిలాయి. దీపాలు పోయాయి. తలుపు మీద చిన్న ఎర్ర బల్బు ఒకటి మిగిలింది. సబ్బుపొడి పీపాలు తిరగబడి గదంతా నురగ లేచింది. ఆ ఎర్ర వెలుగులో నురగ నా గడ్డం దాకా ఉంది. దాని కింద నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో కంటికి తెలియదు, ఒంటికే తెలుస్తుంది. నిజం చెబుతున్నాను, నిలబడ్డ చోటే నిలబడి ‘అమ్మా’ అన్నాను. మామే నా జబ్బ పట్టి నిచ్చెన దగ్గరికి ఈడ్చుకుపోయాడు. నీ భుజం గట్టిది, ముందు నువ్వెక్కు, మూత తొయ్యి అన్నాడు. ఎక్కేటప్పుడు బల్ల మీది ఇస్త్రీపెట్టె ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు. చేతికి ఏదో ఒకటి కావాలి కదా.

భుజం పెట్టి తోశాను. మూత కదల్లేదు. వీపు పెట్టి తోశాను. వెన్నుపూస విరిగేలా తోశాను. తడి తువ్వాళ్ళ మూటలు ఎన్ని పోశారో గాని, చర్చి మొత్తం తెచ్చి నెత్తిన పెట్టినట్టుంది. గొంతు చించుకుని అరిచాను. ఇనుము మీద మూటలు, మూటల మీద ఓడ ఊళ, నా అరుపు నా చెవికే తిరిగొచ్చింది. అప్పుడు ఇస్త్రీపెట్టెతో మూతని బాదాను.

పైన అడుగుల చప్పుడు ఆగింది. బతికాం అనుకున్నాను.

టక్, టక్.

మడమతో రెండు. తర్వాత దభీమని ఇంకో మూట పడింది. తుప్పు రాలి నా కళ్ళలో పడింది.

పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఇక్కడ ఆ పిల్లికి పాపం ఏమీ తెలియదు. కింద నుంచి మామ గొంతు వినిపించింది. "అది కొలొంబారా" అన్నాడు. ఆ మాట వేరే రోజుల్లో ఎలా అనేవాడో అలాగే అనబోయాడు, గొంతు మధ్యలో తెగిపోయింది. నేను పిచ్చెత్తినట్టు బాదాను. ఎంత గట్టిగా బాదితే అంత ఆటగా ఉన్నట్టుంది వాళ్ళకి. మళ్ళీ రెండు తన్నులు, ఈసారి వేరే మడమ. తర్వాత అడుగులు దూరమయ్యాయి. చచ్చిపోతామని తెలియడం ఒక భయం. పైన మనవాళ్ళు నవ్వుకుంటూ ఉండగా చచ్చిపోతామని తెలియడం ఇంకో రకం. దానికి పేరు లేదు.

నీళ్ళు మామ ఛాతీ దాకా వచ్చాయి. నిచ్చెన మెట్టు ఒక చేత్తో, నా మడమ ఒక చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఆయన పళ్ళు టకటకా కొట్టుకోవడం నాకు వినిపిస్తోంది. మళ్ళీ పైన అడుగులు వచ్చాయి, మూటలు తెచ్చే అడుగులే. ఈసారి కూడా ఆటగానే తన్ని పోతే మళ్ళీ వచ్చేసరికి మేం ఉండం. ఆటలో ఎవరూ కొట్టని దెబ్బ ఒక్కటే ఉంది.

"మామా, చావుగంట కొడతాను."

"నోర్ముయ్. పిలిస్తే వస్తుంది."

"వచ్చే ఉంది మామా. నీ ఛాతీ దాకా వచ్చింది."

పైన మూట దింపుతున్న చప్పుడైంది.

"సరే, కొట్టు," అన్నాడు. "నా పేరున కొట్టు. నీ పేరు మనసులో కూడా అనుకోకు."

కొట్టాను. మూడు. ఆగాను. ఆగడం కొట్టడం కంటే కష్టమైంది. చెయ్యి ఆగనంటుంది, కానీ మధ్యలో ఆగకపోతే అది చావుగంట అవదు. మళ్ళీ మూడు. మళ్ళీ ఆగాను.

పైన ఒక మడమ ఒక్కసారి తన్నింది. రెండోది పడలేదు.

ఆ తర్వాత మూటలు ఈడుస్తున్న చప్పుడు. ఎవరో ఏడుస్తూ పేర్లు పెట్టి పిలుస్తున్నారు. మూత లేచింది. కళ్ళు మండేంత వెలుగు, ఆ వెలుగులో కొలొంబా. నా చొక్కా పట్టుకుని పైకి లాగింది. సగం పైకొచ్చి, చెయ్యి కిందికి చాపాను, మామా అందుకో అన్నాను. కింద నురగ ఉంది. మెట్టు మీద చెయ్యి లేదు. నా మడమ మీది చెయ్యి ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు. జారాడో, వదిలేశాడో ఆ దేవుడికే తెలియాలి. భుజం దాకా నురగలో పెట్టి వెతికాను. దుప్పట్లు తగిలాయి. నా నడుం పట్టుకుని ఎవరో వెనక్కి లాగారు. అప్పటికి అధికారి ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు, చూశాడు, మూత వెయ్యమన్నాడు. వెయ్యకపోతే నీళ్ళు పైకొస్తాయి, ఓడలో పిల్లాపాపలున్నారు. ఆయన చెప్పింది న్యాయమే. ఆ మొహాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఓడ మునగలేదు. ఏర్పాటు బాగా పనిచేసిందని పత్రికల్లో రాశారు. ఓడని ఒడ్డుకి చేర్చి నీళ్ళు తోడాక మామ నిచ్చెన కింద దొరికాడని నాతో చెప్పారు. నా పెళ్ళానికి ఆ మాట చెప్పకండి, మొదట్లోనే పోయాడనండి అని వాళ్ళ కాళ్ళు పట్టుకున్నాను. ఎందుకంటే ఆమె నన్ను అప్పటికే అడిగేసింది. ఒళ్ళంతా సబ్బు వాసనతో, కంబళి కప్పుకుని నేను కూర్చుని ఉంటే ఎదురుగా వచ్చి కూర్చుంది. ఏడవలేదు.

"మొదట ఒకసారి తట్టారు. నేను తన్నాను. అది మీరేనా?"

నీళ్ళలో కూడా అంత భయపడలేదు. ఒక్క మాట తప్పు పడితే ఈ పిల్ల బతికినన్నాళ్ళూ ఆ మడమ మోసుకు తిరగాలి.

"మేం కాదు," అన్నాను. "గొట్టాలు పగిలి కొట్టుకున్నాయి. మామని మొదటి నీళ్ళే లాక్కుపోయాయి. ఆ తర్వాతే నేను నిచ్చెనెక్కాను. నేను కొట్టింది చావుగంట ఒక్కటే."

నా కళ్ళలోకి చాలాసేపు చూసింది. సరే అంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఓడకి కొత్త రేకులు అతికారు, తెల్ల రంగు కొట్టారు, బాజాలు వాయిస్తూ మళ్ళీ పంపారు. మేమూ మళ్ళీ ఎక్కాం. ఎక్కక ఏం తింటాం? మూత చుట్టూ కమ్మీలు పెట్టారు, దాని మీద ఎవరూ మూటలు పెట్టలేదు, మడమతో ఎవరూ తన్నలేదు. కొలొంబా అడిగి మరీ పై అంతస్తుకి మారిపోయింది, నాకు తెలిసి ఆ నడవలో మళ్ళీ అడుగు పెట్టలేదు. నేను మాత్రం పొగమంచు పట్టిందంటే పని వదిలేసి నిచ్చెనెక్కి, మూత తెరిచి, తాబేలులా తల బయట పెట్టుకుని కూర్చునేవాడిని. కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వేవారు. పాతవాళ్ళు వాళ్ళ నోరు మూయించేవారు.

తర్వాత విమానాలొచ్చాయి. పొద్దున ఎక్కితే రాత్రి భోజనానికి న్యూయార్క్‌లో ఉండొచ్చట. ఇంకెవరికి కావాలి ఓడ? ఏడాదికేడాది నా దగ్గరికి వచ్చే మూటలు తగ్గాయి. బట్టలుతికే బానల్లో సగం ఆపేశాం, తర్వాత ఒకటే మిగిలింది. ఆఖరి ప్రయాణాల్లో ప్రయాణికుల దుప్పట్ల కంటే మా దుప్పట్లే ఎక్కువ ఉతికాను. పెట్టడానికి చోటు చాలక మనిషి ప్రాణం మీదికి తెచ్చిన గుడ్డలు, చివరికి లిఫ్టు అడుగుకి కూడా చాలలేదు.

ఓడని స్పెజియా రేవులో తుక్కువాళ్ళకి అమ్మేశారు. అక్కడిదాకా తీసుకెళ్ళడానికి కొద్దిమందినే ఉంచుకున్నారు, అందులో మేమిద్దరం ఉన్నాం. తివాచీలు లేవు, అద్దాలు లేవు, మాట్లాడితే గోడలు తిరిగి మాట్లాడుతున్నాయి. పెట్టెలు సర్దుకుని దిగబోతుంటే కొలొంబా ఆగిపోయింది. మోమో, ఆ నడవకి పోదాం పద అంది. వద్దంటే వినే మనిషి కాదు, తండ్రి పోలిక.

మూత దగ్గరికి వచ్చాం. కమ్మీలు అప్పటికే కోసుకుపోయారు. ఎర్ర అక్షరాలు వెలిసిపోయాయి.

"కిందికి దిగు," అంది. "నేను మూత వేస్తాను."

"నా వల్ల కాదు కొలొంబా."

"నీకెంత భయమో నాకు తెలుసు. అయినా దిగు."

దిగాను. ఆమె మూత వేసేసింది. చీకటి. ఎక్కడో అడుగున ఇంకా సబ్బు వాసన. రేవులో కట్టిన ఓడ, నీళ్ళొచ్చే దారే లేదు, అదంతా నాకు తెలుసు. తెలిస్తే ఏం, నా మోకాళ్ళకి తెలియదు కదా. చల్లదనం పాదాల్లోంచి పైకి పాకుతున్నట్టే ఉంది. మడమ దగ్గర ఎవరో పట్టుకున్నట్టే ఉంది. ఒక్క క్షణం, ఆమె మూత వేసి వెళ్ళిపోయిందేమో అని కూడా అనుకున్నాను. చెయ్యి పైకెత్తితే మూత లోపలి పక్క సొట్టలు తగిలాయి. ఇస్త్రీపెట్టె మూల దిగిన సొట్టలు. రంగు వేశారు గాని సొట్టలు పోలేదు. ఒకటి కాదు, రెండు కాదు, చేతి కింద అంతా అవే. మూడూ మూడూ కొట్టినవాడి సొట్టలు ఇన్ని ఉండవని ఎవరికైనా తెలుస్తుంది. ఆమె ఎప్పుడు చూసిందో. ఏ రోజు ఒంటరిగా వచ్చి మూత ఎత్తి చూసుకుందో.

పిడికిలితో ఒక్కసారి కొట్టాను. రెండోదానికి చెయ్యి ఎత్తాను.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. మూత లేచిపోయింది. కొలొంబా మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో పిడి పట్టుకుని ఉంది. నేను దిగినప్పటి నుంచీ అలాగే పట్టుకుని ఉందని ఆమె వేళ్ళు చూస్తే తెలిసింది.

"గొట్టాలు అలా కొట్టుకోవు మోమో," అంది.

నేను పైకొచ్చాను. ఆమె నన్ను చూడలేదు. నా భుజం మీదుగా కింద నిచ్చెన వంకే చూస్తోంది. ఇంకొకాయన ఎక్కి రావాలన్నట్టు, ఆ బరువైన మూతని అలాగే ఎత్తి పట్టుకుని ఉంది. నేను కూడా ఒక పక్క పట్టుకున్నాను.